లూపస్ ఉన్న మా అమ్మాయికి చూపు మసకబారుతోంది, మాత్ర ఆపేయమంటారా?

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. మూడేళ్ల కిందట లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) అని తేలింది. అప్పటి నుంచి రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 మిల్లీగ్రాముల మాత్ర, దాంతోపాటు స్టెరాయిడ్ వాడుతోంది. నిరుడు యూరిన్‌లో ప్రొటీన్ పోతోందని స్టెరాయిడ్ డోసు బాగా పెంచారు, ఇప్పుడు నెలన్నరగా తగ్గిస్తూ వస్తున్నారు. బరువు 42 కిలోలు. రెండు నెలలుగా క్లాసులో బోర్డు మీది అక్షరాలు మసగ్గా కనిపిస్తున్నాయంటోంది. సాయంత్రమయ్యేసరికి కళ్లలో ఇసుక పోసినట్టు గరగరలాడుతున్నాయట. కళ్లజోళ్ల షాపులో చూపిస్తే పవర్ వచ్చిందన్నారు. ఈలోగా బంధువు ఒకాయన 'ఆ మాత్ర వాడితే కళ్లు పోతాయి' అన్నారు. అమ్మాయి కూడా ఫోన్‌లో ఏదో చదివి, మాకు చెప్పకుండా పది రోజులుగా ఆ మాత్ర మానేసిందని నిన్ననే తెలిసింది. నాకూ భయంగానే ఉంది. ఆపేయడమే మంచిదా? ఇంకో మాట, వంగి లేచినప్పుడు ఒక్కోసారి రెండు మూడు సెకన్లు చూపు మొత్తం నల్లగా అయిపోతోందట. పొద్దున్నే తలనొప్పి కూడా ఉంటోంది. నీరసం వల్లేమో అనుకుంటున్నాం. (ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీరు అడిగింది మాత్ర గురించి కాబట్టి ముందు దానికి సూటిగా చెప్పేస్తాను: మీ అంతట మీరు ఆపొద్దు. ఎందుకో కింద వివరంగా రాస్తాను. కానీ మీ ఉత్తరం చదువుతుంటే నాకు కంగారు పుట్టింది చివర్లో 'ఇంకో మాట' అంటూ రాసిన దగ్గర. వంగి లేచేటప్పుడు చూపు నల్లబడటం, పొద్దున లేవగానే తలనొప్పి, పైగా ఈమధ్యే స్టెరాయిడ్ తగ్గిస్తూ రావడం, ఈ మూడూ ఒకే పిల్లలో కలిసి కనిపిస్తే కంటి వెనక నరం ఏమైనా వాచిందా అని వెంటనే చూడాలి. వెంటనే అంటే వచ్చే వారం అపాయింట్‌మెంట్ దొరికినప్పుడు కాదు, ఈరోజు కుదిరితే ఈరోజే, లేదంటే రేపు.

సంగతి ఏంటంటే, మెదడు చుట్టూ ఉండే ద్రవం ఒత్తిడి పెరిగితే ఆ ఒత్తిడి ఆప్టిక్ నర్వ్ (కంటి నుంచి మెదడుకు వెళ్లే నరం) వెంబడి కంటిదాకా వస్తుంది, ఆ నరం కంట్లోకి ప్రవేశించే చోట వాపు వస్తుంది. మొదట్లో చూపు మామూలుగానే ఉంటుంది. వంగినప్పుడో, కూర్చుని లేచినప్పుడో కొన్ని సెకన్లు మాత్రం తెర పడ్డట్టు నల్లబడి మళ్లీ వచ్చేస్తుంది, అందుకే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. లూపస్ ఉన్నవాళ్లలో ఇది జబ్బు వల్ల రావచ్చు, స్టెరాయిడ్ తగ్గించేటప్పుడు రావచ్చు, రక్తం తేలిగ్గా గడ్డకట్టే స్వభావం ఉన్నవాళ్లలో మెదడులోని సిరలో గడ్డ ఏర్పడి కూడా రావచ్చు. వాపు ఎక్కువ రోజులు అలాగే ఉంటే నరంలోని పోగులు చచ్చిపోతాయి, అవి తిరిగి రావు. ముందుగా పట్టుకుంటే మందులతో చూపు కాపాడుకునే అవకాశం చాలా ఎక్కువ.

మీరన్నట్టు ఇది నీరసం కూడా కావచ్చు. రక్తం తక్కువగా ఉన్నా, బీపీ పడిపోయినా లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్ముతాయి, లూపస్ పిల్లల్లో రక్తహీనత మామూలే. అయితే ఏది అన్నది ఇంట్లో కూర్చుని ఊహించి తేల్చుకోలేం. కంట్లో చుక్కలు వేసి లోపల చూస్తే నరం వాచిందో లేదో అక్కడికక్కడే చాలావరకు తెలిసిపోతుంది. వాపు ఉంటే మెదడుకు ఎంఆర్ఐ, అందులోనే సిరలు కూడా కనిపించేలా తీయిస్తారు, ఆ తర్వాత అవసరమైతే నడుము దగ్గర నుంచి కాస్త ద్రవం తీసి ఒత్తిడి కొలుస్తారు. ఆ మాట వినగానే భయపడొద్దు. పేరు వినడానికి ఉన్నంత కష్టం ఆ పరీక్షలో ఉండదు.

వెళ్లే ముందు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, కోప్పడకుండా, రెండు విషయాలు అడగండి. ఒకటి, హైడ్రాక్సీక్లోరోక్విన్ ఒక్కటే మానేసిందా, స్టెరాయిడ్ కూడా మానేసిందా? ఇది చాలా ముఖ్యం. నెలల తరబడి స్టెరాయిడ్ వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఒంట్లో సహజంగా తయారవ్వాల్సిన స్టెరాయిడ్ అందక వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా పోవచ్చు, తలలో ఒత్తిడి పెరగడానికీ అది ఒక కారణం. రెండోది, మొటిమలకు ఏమైనా మాత్రలు వాడుతోందా? స్టెరాయిడ్ వల్ల ఈ వయసు పిల్లలకు మొహం నిండా మొటిమలు వస్తాయి, ఇంట్లో చెప్పడానికి మొహమాటపడి తమంతట తామే ఏదో కొనుక్కుని వేసుకుంటారు. డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్స్, ఐసోట్రెటినోయిన్ లాంటి విటమిన్ ఎ జాతి మందులు తల లోపలి ఒత్తిడిని పెంచగలవు. వాడుతుంటే ఆ స్ట్రిప్ డాక్టర్‌కి చూపించండి.

బీపీ కూడా చూపించండి. ఇది నేను ప్రత్యేకంగా అడుగుతున్నాను, ఎందుకంటే పదహారేళ్ల పిల్లకు బీపీ ఏంటి అని చాలామంది వదిలేస్తారు. యూరిన్‌లో ప్రొటీన్ పోయిందంటే లూపస్ కిడ్నీలను తాకిందని అనుమానించాల్సిందే. కిడ్నీ దెబ్బతింటే బీపీ చప్పుడు లేకుండా పెరుగుతుంది, స్టెరాయిడ్ దానికి తోడవుతుంది. పెరిగిన బీపీ రెటీనాలోని (కంటి లోపల వెనక వైపు బొమ్మ పడే పొర) సన్నటి రక్తనాళాలను దెబ్బతీస్తుంది, రెటీనా కింద నీరు చేరేలా చేస్తుంది. మరీ ఎక్కువైతే మెదడు వెనక భాగం, అంటే చూపుకు సంబంధించిన భాగం ఉబ్బి తలనొప్పి, చూపు పోవడం, ఫిట్స్ వస్తాయి. చిన్నపిల్లల బీపీని వయసు, ఎత్తు బట్టి చూస్తారు, పదహారేళ్లకు మాత్రం పెద్దవాళ్ల లెక్కే చూస్తారు.

ఇక మాత్ర సంగతి.

'ఈ మాత్రతో కళ్లు పోతాయి' అన్న మాట గాల్లోంచి పుట్టింది కాదు. ఇదే కుటుంబానికి చెందిన పాత మందు క్లోరోక్విన్ ఎక్కువ డోసుల్లో, ఏళ్ల తరబడి వాడిన రోజుల్లో రెటీనా దెబ్బతిన్నవాళ్లున్నారు, 1950ల చివరి నుంచే డాక్టర్లు ఈ విషయం రాస్తూ వచ్చారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ దానికంటే కళ్లకు చాలా సురక్షితం, అయినా ప్రమాదం సున్నా కాదు. ఆ ప్రమాదం రెండింటి మీద ఆధారపడి ఉంటుంది: రోజుకు ఎంత వేసుకుంటున్నాం, ఎన్నేళ్లుగా వేసుకుంటున్నాం. అమెరికా కంటి వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన సూచన ప్రకారం రోజు డోసు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ హద్దులో ఉన్నవాళ్లలో మొదటి ఐదేళ్లలో రెటీనా దెబ్బతినే అవకాశం 1 శాతం కంటే తక్కువ, పదేళ్లకు 2 శాతం కంటే తక్కువ. ఇరవై ఏళ్లు దాటాక మాత్రం దాదాపు 20 శాతం దాకా పెరుగుతుంది.

మీ అమ్మాయి లెక్క చూద్దాం. 42 కిలోలు, కిలోకి 5 చొప్పున 210 మిల్లీగ్రాములు. ఆమె వేసుకునేది 200. హద్దులోనే ఉంది. వాడుతున్నది మూడేళ్లుగా. అంటే మాత్ర వల్ల రెటీనా దెబ్బతిని బోర్డు మసకబారడం అనేది ఉండగల కారణాలన్నిటిలో అట్టడుగున ఉంది. అదే బరువుకి ఎవరైనా రోజూ 400 వేసుకుంటుంటే నేను ఈ జవాబు ఇంకోలా రాసేవాణ్ని. అందుకే ఇది చదువుతున్న మిగతా తల్లిదండ్రులు కూడా ఒకసారి పిల్లల బరువు చూసి లెక్క వేసుకోండి, ఎదిగే వయసులో బరువు మారుతూ ఉంటుంది, స్టెరాయిడ్ వల్ల పెరిగి తర్వాత తగ్గుతుంది కూడా. లెక్క హద్దు దాటితే మాత్ర ఆపకుండా డాక్టర్‌ని అడగండి, ఒకరోజు ఒక మాత్ర, మరుసటి రోజు రెండు అన్నట్టు సర్దుతారు. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లలో ఈ మందు ఒంట్లో ఎక్కువగా నిలిచిపోతుంది, కాబట్టి వాళ్లకు ఐదేళ్లు ఆగకుండా ముందు నుంచే ఏటా కంటి పరీక్ష కావాలి. మీ అమ్మాయి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) ఎంతుందో ఈసారి అడిగి రాసుకోండి.

మానేస్తే ఏమవుతుంది? దీనికి చక్కటి ఆధారం ఉంది. 1991లో కెనడా డాక్టర్లు ఒక అధ్యయనం ప్రచురించారు. జబ్బు నిలకడగా ఉన్న లూపస్ రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు హైడ్రాక్సీక్లోరోక్విన్ కొనసాగించి, రెండో గుంపుకు చూడటానికి అలాగే ఉండే ఉత్త మాత్ర ఇచ్చారు. ఆరు నెలల్లోపే, మందు ఆగిపోయినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం రెండున్నర రెట్లు ఎక్కువైంది. జబ్బు తిరగబెడితే స్టెరాయిడ్ మళ్లీ పెంచాలి. ఆ పెంచిన స్టెరాయిడ్ కళ్లకు చేసే చెరుపు ఈ మాత్ర చేసేదానికంటే ఎంతో ముందుగా, ఎంతో తరచుగా కనిపిస్తుంది. కళ్లు కాపాడుకోవాలని మాత్ర మానేస్తే జరిగేది ఇదీ. అందుకే నేను ఇంత గట్టిగా చెప్తున్నాను.

పది రోజులు మానేసినందుకు కొంప మునిగిపోలేదు. ఈ మందు ఒంట్లో నెమ్మదిగా పేరుకుని నెమ్మదిగా పోతుంది, ఒంట్లో ఉన్న మందులో సగం పోవడానికే దాదాపు 40 రోజులు పడుతుంది. లూపస్ డాక్టర్‌కి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పి, ఆయన చెప్పినట్టు మళ్లీ మొదలుపెట్టించండి. మానేసిన రోజుల మాత్రలన్నీ ఒకేసారి వేయడం లాంటి పనులు చేయకండి.

ఇప్పుడు స్టెరాయిడ్ విషయానికి వస్తాను. రెండు నెలలుగా మసక అన్నారు కదా. స్టెరాయిడ్ ఎక్కువకాలం వాడిన పిల్లల్లో కంటి లెన్స్ వెనక వైపు, సరిగ్గా మధ్యలో, ఒక రకం శుక్లం వస్తుంది. ముసలివాళ్లకు వచ్చే శుక్లంలా ఏళ్ల తరబడి నానదు, కొన్ని నెలల్లోనే ఇబ్బంది పెట్టగలదు. దీన్ని పట్టుకునే ఆనవాలు ఒకటుంది: ఎండలో, గట్టి లైటులో చూపు ఇంకా మసకవుతుంది, వెలుతురు తగ్గితే కాస్త మెరుగవుతుంది. ఎందుకంటే వెలుతురుకు కంటిపాప చిన్నదైపోతుంది, అప్పుడు కాంతి అంతా ఆ మధ్యలో ఉన్న మచ్చలోంచే పోవాల్సి వస్తుంది. కిటికీ వైపు మొహం పెట్టి కూర్చుంటే బోర్డు కనిపించడం లేదా, ఎదురుగా వచ్చే బండి లైట్లు చెదిరిపోయినట్టు ఉంటున్నాయా అని అమ్మాయిని అడగండి. శుక్లం అయితే, అది చూపుకు అడ్డమైనప్పుడు ఆపరేషన్‌తో తీసేసి కృత్రిమ లెన్స్ పెడతారు. బాగయ్యే సమస్యే.

స్టెరాయిడ్ తెచ్చే రెండో సమస్య అలాంటిది కాదు. కంటి లోపలి ఒత్తిడి పెరగడం, ముదిరితే నీటికాసులు. మామూలుగా కంటి ఒత్తిడి 10 నుంచి 21 మధ్య ఉంటుంది. స్టెరాయిడ్‌కి కొందరి కళ్లు త్వరగా స్పందిస్తాయి, పిల్లల్లో ఇది ఇంకా త్వరగా, కొన్ని వారాల్లోనే జరగొచ్చు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, మధ్య చూపు బాగానే ఉంటుంది, పక్క చూపు మాత్రం తెలియకుండా కొద్దికొద్దిగా పోతుంటుంది. పోయింది తిరిగి రాదు. ఒత్తిడి కొలవడానికి నిమిషం పట్టదు, అయినా ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మీదున్న పిల్లల ఫైల్లో ఈ అంకె ఒక్కసారి కూడా కనిపించదు. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది. తలలో ఒత్తిడి, కంట్లో ఒత్తిడి వేరువేరు, రెండూ చూడమని అడగండి. దగ్గరి బంధువుల్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే అది కూడా చెప్పండి.

కళ్లలో ఇసుక పోసినట్టు ఉండటం మాత్రం చాలావరకు కన్నీళ్లు తగ్గడం వల్లే. లూపస్ ఉన్నవాళ్ల కళ్లకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇదే. కన్నీటి గ్రంథుల మీద కూడా రోగనిరోధక వ్యవస్థ దాడి చేస్తుంది, నోరు కూడా ఎండిపోతుంటే షోగ్రెన్స్ అనే జోడు జబ్బు ఉందేమో చూస్తారు. కింది రెప్ప లోపల సన్నటి కాగితపు ముక్క తగిలించి ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోమంటారు, ఆ కాగితం ఎంత మేర తడిసిందో కొలుస్తారు. 5 మిల్లీమీటర్లు కూడా తడవలేదంటే కళ్లు బాగా పొడిబారినట్టు. దీనికి కృత్రిమ కన్నీళ్ల చుక్కలు వాడాలి. రోజుకి నాలుగుసార్లకు మించి వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ (చుక్కలు చెడిపోకుండా కలిపే మందు) లేనివి అడగండి, లేకపోతే ఆ ప్రిజర్వేటివే కంటిని మండిస్తుంది. ఫోన్ చూస్తూ కూర్చుంటే రెప్ప కొట్టడం సగానికి సగం తగ్గిపోతుంది, జలుబుకు వేసుకునే కొన్ని మాత్రలు కూడా కన్నీళ్లను ఎండగడతాయి. పొడిబారిన కంటికి కూడా చూపు మసకవుతుంది, కానీ రెప్ప కొట్టగానే కాసేపు తేటపడుతుంది. కంటి ఎరుపు పోగొట్టే చుక్కలని చెప్పి మందుల షాపులో ఇచ్చేవి వేయొద్దు. వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది, వేయగానే హాయిగా ఉంటుంది, పైన చెప్పిన ఒత్తిడి పెరగడం మాత్రం లోపల జరిగిపోతుంటుంది.

ఇక జబ్బు నేరుగా రెటీనాను తాకడం. ఒంట్లో రక్తనాళాలను కోయకుండా, స్కాన్ తీయకుండా కళ్లతో నేరుగా చూడగలిగే అరుదైన చోటు రెటీనా. లూపస్ ఉధృతంగా ఉన్నప్పుడు అక్కడి సన్నటి నాళాలు మూసుకుపోయి, దూది పింజల్లాంటి తెల్లటి మచ్చలు, చిన్న చిన్న రక్తపు చుక్కలు కనిపిస్తాయి. మచ్చలు కొద్దిగా ఉంటే చూపులో తేడా ఏమీ తెలియకపోవచ్చు. పిల్ల హాయిగానే ఉంటుంది, కానీ కంట్లో అలా ఉందంటే కిడ్నీలోనో, మెదడులోనో కూడా జబ్బు రాజుకుంటోందేమో అని వెతకాలి. అందుకే కంటి డాక్టర్ రాసిన కాగితం మీ ఇంట్లో ఫైల్లో పడుకోకూడదు, అది లూపస్ డాక్టర్ చేతికి చేరాలి. రక్తం తేలిగ్గా గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నవాళ్లకు రెటీనాలోని పెద్ద నాళాలు కూడా పూడుకుపోయే ప్రమాదం ఉంది. ఆ రక్తపరీక్ష చేశారా, పాజిటివ్ వచ్చిందా అన్నది ప్రతి లూపస్ పిల్ల తల్లికీ తెలిసి ఉండాలి.

మీరు రేపు ఎక్కడికి వెళ్లినా కళ్లజోళ్ల షాపు పరీక్షను కంటి పరీక్షగా లెక్కేయకండి. వాళ్లు పవర్ చూశారు, అంతే, అది వాళ్ల తప్పు కాదు. మీకు కావలసింది కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, అరగంట ఆగి, లోపల నరం, రెటీనా చూసే డాక్టర్. ఆ చుక్కల ప్రభావంతో కొన్ని గంటలపాటు దగ్గరివి చదవలేదు, వెలుతురు గుచ్చుకుంటుంది, కాబట్టి మర్నాడు స్కూల్లో పరీక్ష లేకుండా చూసుకుంటే మంచిది. కానీ స్కూల్ పరీక్ష ఉంది కదా అని కంటి డాక్టర్‌కి చూపించడం వాయిదా కూడా వేయొద్దు.

మాత్ర కోసం చేసే పరీక్షలు వేరు. మందు మొదలుపెట్టిన ఏడాదిలోపు ఒకసారి, ఆ తర్వాత ఐదేళ్లు దాటాక ఏటా, ముప్పు ఎక్కువున్నవాళ్లకు ఇంకా ముందు నుంచే. ఓసీటీ అనే స్కాన్‌లో రెటీనా పొరలు కనిపిస్తాయి, గెడ్డం ఆనించి కదలకుండా ఉంటే చాలు. విజువల్ ఫీల్డ్ పరీక్ష మాత్రం పిల్లలకు విసుగు. ఒక కన్ను మూసి, నట్టనడుమ ఉన్న చుక్కనే చూస్తూ, చుట్టూ ఎక్కడ సన్నటి వెలుగు మెరిసినా చేతిలోని బటన్ నొక్కాలి. కొన్ని వెలుగులు కావాలనే కనిపించనంత మసగ్గా పెడతారు, దాంతో పిల్లలు 'నాకు ఏమీ కనిపించట్లేదు' అని బెంబేలెత్తిపోతారు. ముందే చెప్పి పంపండి. మొదటిసారి ఫలితం తేడాగా వస్తే అలసట వల్ల కావచ్చు, మళ్లీ చేయిస్తారు, ఒక్క రిపోర్టు చూసి మాత్ర మాన్పించరు. ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి, ఆసియా మూలాలున్నవాళ్లలో ఈ మందు వల్ల వచ్చే దెబ్బ తరచుగా రెటీనా నడిమధ్యలో కాకుండా దానికి కాస్త దూరంగా మొదలవుతుంది. మధ్య భాగం మాత్రమే చూసే 10-2 పరీక్షలో అది చిక్కకపోవచ్చు, 24-2 లేదా 30-2 అనే విశాలమైనది కూడా చేస్తారా అని అడగండి. ఇందులో మొహమాటం ఏమీ లేదు.

ఇంట్లో మీరు చేయగలిగింది కూడా ఒకటుంది. పిల్లలకు ఒక కంటి చూపు తగ్గినా రెండో కన్ను సర్దేస్తుంది, నెలల తరబడి తెలియదు. అందుకని వారానికోసారి ఒక కంటిని అరచేత్తో మూయించండి, వేళ్లతో నొక్కితే చెయ్యి తీశాక ఆ కంటికి కాసేపు మసగ్గా కనిపిస్తుంది, కాబట్టి నొక్కకుండా. ఎదురుగా ఒక ఎర్రటి పెన్ను మూత పట్టుకుని, ఎరుపు ఎలా ఉందో చూడమనండి. తర్వాత రెండో కంటితో. ఒక కంటికి ముదురు ఎరుపుగానూ, ఇంకో కంటికి వెలిసిపోయినట్టు నారింజ రంగులోనూ కనిపిస్తే నరంలో ఏదో ఉందని అనుమానించాలి. ఆ తర్వాత గళ్ల కాగితమో, నేల మీద పలకల గీతలో చూపించి గీతలు తిన్నగా ఉన్నాయా, వంకరగా కనిపిస్తున్నాయా అడగండి. వంకరగా ఉంటే రెటీనా కింద నీరు చేరిందేమో చూడాలి. ఇది డాక్టర్ పరీక్షకు బదులు కాదు. మాత్ర వల్ల వచ్చే దెబ్బ తొలిదశలో దీనికి దొరకదు కూడా. మిగతావాటికి పనికొస్తుంది.

ఆరోజుకారోజు ఆస్పత్రికి పరిగెత్తాల్సినవి ఏవో చెప్తాను, ఫ్రిజ్ మీద అంటించుకున్నా సరే. ఒక కంట్లో గానీ రెండింట్లో గానీ చూపు ఉన్నట్టుండి తగ్గడం, నొప్పి లేకపోయినా సరే. కన్ను తిప్పితే నొప్పి. ఒకటి రెండుగా కనిపించడం. కన్ను ఎర్రబడి, రాత్రి నిద్రలోంచి లేపేంత లోతైన నొప్పి రావడం, అది కళ్లకలక కాదు, తెల్లగుడ్డు పొరలో వాపు కావచ్చు. వెలుతురు చూడలేకపోవడం. కళ్ల ముందు మెరుపులు, నల్లటి తెర దిగుతున్నట్టు ఉండటం. నుదుటి మీద, ముక్కు కొన మీద నీటి పొక్కులు, ఎందుకంటే రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లలో అక్కి కంట్లోకి దిగొచ్చు. తలనొప్పి, వాంతులతో చూపు మసకబారడం. వీటిలో ఏది ఉన్నా 'పొద్దున చూద్దాం' అనొద్దు.

ఇప్పుడు మీ అమ్మాయి గురించి. మీకు చెప్పకుండా మాత్ర మానేసిందని మీకు కోపం వచ్చి ఉంటుంది, అర్థమవుతోంది. కానీ ఆ పిల్ల చేసింది నిర్లక్ష్యం కాదు. కళ్లు పోతాయేమో అని భయపడింది, అడిగితే మీరు ఇంకా టెన్షన్ పడతారని లోపలే దాచుకుంది. ఇలాంటి పిల్లలు నాకు తెలుసు, మొహం ఉబ్బింది, మచ్చలు వచ్చాయి, తోటివాళ్లు అడుగుతారు, ఇప్పుడు కళ్లు కూడానా అని రాత్రిళ్లు ఒంటరిగా ఏడుస్తారు. డోసు లెక్క ఆమె చేతే వేయించండి, 42ని 5తో గుణించమనండి, ఆ అంకె తన కళ్లతో తను చూసుకుంటే మీరు పదిసార్లు చెప్పినదానికంటే ఎక్కువ ధైర్యం వస్తుంది. డాక్టర్ దగ్గర కాసేపు ఆమెను ఒంటరిగా మాట్లాడనివ్వండి, మీరు బయట కూర్చోండి. పదహారేళ్ల పిల్ల తన జబ్బు గురించి తనే ప్రశ్నలు అడగాలి, మీరు ఎల్లకాలం మాత్రలు లెక్కపెడుతూ కూర్చోలేరు. ఇక మీ బంధువుకి జవాబు చెప్పాల్సిన పని లేదు, ఆయన మీ మీద ప్రేమతోనే అన్నారు, అక్కడితో వదిలేయండి.

షాపులో చెప్పిన పవర్‌కి కళ్లజోడు ఇప్పుడే చేయించకండి. స్టెరాయిడ్ వాడేవాళ్లలో రక్తంలో చక్కెర పెరిగితే కంటి లెన్స్ తీరు మారి తాత్కాలికంగా పవర్ మారిపోతుంది, చక్కెర అదుపులోకి వచ్చాక మళ్లీ మారుతుంది, చేయించిన కళ్లజోడు పనికిరాకుండా పోతుంది. రేపు రక్తపరీక్ష చేసేటప్పుడు షుగర్ కూడా చూడమనండి. నరం, ఒత్తిడి, రెటీనా, లెన్స్ అన్నీ బాగున్నాయని తేలి, షుగర్ నిలకడగా ఉందంటే, అప్పుడు ఇది ఈ వయసులో ఎవరికైనా వచ్చే దగ్గరచూపు కావచ్చు. అప్పుడు ఆమెకు నచ్చిన ఫ్రేము కొనివ్వండి.